‘అంతా మేమే చూసుకుంటాం సార్’

నా ఆఫీసు బీరువాలో మొన్నమొన్నటిదాకా ఒక ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఉండేది. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. డబ్బా నిండా పెన్‌డ్రైవ్‌ల్లాంటివి, లెక్కపెడితే 23, ఒక్కోదానికి తెల్ల టేపు చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో పేరు, పాస్‌వర్డ్. అవి డిజిటల్ సంతకాల టోకెన్లు. ఇటలీలో ఉండే డైరెక్టరు సంతకం, కొరియాలో ఉండే డైరెక్టరు సంతకం, అమెరికాలో స్థిరపడి ఇక్కడ కంపెనీ పెట్టిన కూకట్‌పల్లి అబ్బాయి సంతకం, అన్నీ హిమాయత్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో, నా బీరువాలో. వాళ్ళు అక్కడ నిద్రపోతుంటే ఇక్కడ మా జూనియర్ అమ్మాయి డబ్బా తీసి, టోకెన్ గుచ్చి, వాళ్ళ తరఫున సంతకం పెట్టేసేది. ఐటీ చట్టం ప్రకారం ఆ టోకెన్‌లోని సంతకం కీ ఎవరి పేరున ఉందో వాళ్ళ అదుపులోనే ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు, మా వృత్తిలో ఎవరిని అడిగినా తెలుసనే అంటారు. అయినా ఎంతమంది బీరువాల్లో ఇలాంటి డబ్బాలున్నాయో అడగకండి.

నేను కంపెనీ సెక్రటరీని, సొంతంగా ప్రాక్టీసు. బయటి దేశాల నుంచి హైదరాబాద్ వచ్చి చిన్నాచితకా కంపెనీలు పెట్టేవాళ్ళకి రిజిస్ట్రేషన్, రిజర్వ్ బ్యాంక్ రిపోర్టులు, ఏటేటా ఫైలింగులు చేసిపెడతాను. పెద్ద గ్లాసు బిల్డింగుల వాళ్ళు నా దగ్గరికి రారు. నా దగ్గరికొచ్చేవాళ్ళు పాతిక, ముప్పై మంది పనిచేసే కంపెనీల ఓనర్లు, సొంత డబ్బు పెడుతున్నవాళ్ళు, రాత్రిళ్ళు టెన్షన్‌తో మెయిల్ రాసేవాళ్ళు. ఆ టెన్షన్‌కి మా వృత్తి మొత్తం కలిసి కనిపెట్టిన మందు ఒక్క వాక్యం: అంతా మేమే చూసుకుంటాం సార్. దాన్ని ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు. ఈ దేశంలో పెట్టుబడి పెట్టేవాడికి చట్టం కన్నా, లంచం కన్నా, కోర్టు వాయిదాల కన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ వాక్యమేనని ఇప్పుడు నా అభిప్రాయం. అది అబద్ధం కాబట్టి కాదు. చాలాసార్లు నిజంగానే చూసుకుంటాం కూడా. వాక్యం విన్న క్షణం నుంచి అవతలి మనిషి చూడటం మానేస్తాడు, అదీ గొడవ.

ఇటలీ వాళ్ళ సంగతి చెప్తాను. బొలోన్యా చుట్టుపక్కల ప్యాకింగ్ యంత్రాలు చేసే కంపెనీలు బోలెడు, మన మాత్రల స్ట్రిప్పులు ప్యాక్ చేసే యంత్రాల్లో అక్కడివీ ఉంటాయి. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలు ఎన్నున్నాయో మీకు తెలిసిందే కాబట్టి, అక్కడి ఒక కుటుంబ కంపెనీ, తండ్రీ ఇద్దరు కొడుకులూ, ఇక్కడ జీడిమెట్లలో షెడ్డు తీసుకుని సర్వీసు సెంటర్, స్పేర్ పార్ట్‌ల గోడౌన్ పెట్టుకుందామని వచ్చారు. పెద్దకొడుకు మొదటి కాల్‌లోనే అడిగాడు, మేమేం చేయాలి అని. నేను గర్వంగా, మీరు డబ్బు పంపండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం అన్నాను. కంపెనీ రిజిస్టరైంది, మొదటి వాటా డబ్బు వచ్చింది, షేర్లు ఇచ్చాం, 30 రోజుల్లోపల రిజర్వ్ బ్యాంకుకి ఇవ్వాల్సిన ఎఫ్‌సీ-జీపీఆర్ రిపోర్టు వేసేశాం, అంతా నల్లేరు మీద నడక. ఏడాది తిరిగాక డెమో యంత్రం తెప్పించాలని రెండో విడత డబ్బు పంపారు, ఈసారి ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కింద, అంటే ఎంచుకున్నవాళ్ళకే షేర్లు ఇచ్చే పద్ధతిలో.

ఇక్కడ కొంచెం నిబంధనల గోల తప్పదు. షేర్ల కోసం వచ్చిన డబ్బుకి 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వెనక్కి పంపాలి. ఎవరికి షేర్లు ఇస్తున్నామో వాళ్ళ సొంత బ్యాంకు ఖాతా నుంచే డబ్బు రావాలి. షేర్లు ఇచ్చి, ఆ సంగతి కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేసేదాకా అందులో ఒక్క రూపాయి ముట్టుకోకూడదు. మూడూ మామూలు నిబంధనలే, దేనికీ గొప్ప లాయరు అక్కర్లేదు.

41వ రోజున బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. మా జూనియర్ దాని మీద వేలు పెట్టి, మేడమ్, పంపినవాళ్ళ పేరు చూడండి అంది. చూశాను. అదే ఇంటిపేరు, అదే ఊరు. చివర ఒక్క మాట తేడా. షేర్లు తీసుకోవాల్సిన కంపెనీ కాదు, ఆ కుటుంబానిదే వేరే హోల్డింగ్ కంపెనీ. ఆ నెల ఆ ఖాతాలో డబ్బు ఎక్కువుందట, అక్కణ్ణించి కొట్టేశారు. ఒకే ఇంటి డబ్బు కదా అని వాళ్ళ ఉద్దేశం. నాకొక్క మాట చెప్పి ఉంటే... అని ఫోనులో అనబోయాను. పెద్దకొడుకు చాలా మర్యాదగా, మీరే కదా డబ్బు పంపితే చాలన్నారు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు వెనక్కి పంపాం, సరైన ఖాతా నుంచి మళ్ళీ తెప్పించాం. పోను రాను బ్యాంకు చార్జీలు, యూరో మారకంలో కొంత పోయింది, అదంతా సరే. కానీ యంత్రం అప్పటికే నావా షేవా రేవులో దిగి కూర్చుంది, డ్యూటీ కట్టడానికి ఖాతాలో డబ్బు లేదు, వచ్చిన డబ్బు ముట్టుకోవడానికి లేదు. ఆఖరికి రేవులో సరుకు ఆగిపోయినందుకు కట్టే డెమరేజ్ బిల్లు నేను వాళ్ళ దగ్గర ఏడాదికి తీసుకునే ఫీజు కన్నా ఎక్కువైంది. సగం నేను భరిస్తానన్నాను, వాళ్ళు వద్దన్నారు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఇందులో తప్పెవరిది అని నన్నడిగితే సందేహం లేకుండా నాదే అంటాను, నిబంధన తెలియకపోవడం వల్ల కాదు, తెలుసుకోవాల్సిన అవసరం అవతలివాళ్ళకి లేదని నా నోటితో చెప్పినందుకు.

ఇది ఒక చిన్న ఆఫీసు కథ అనుకోకండి. బయటి పెట్టుబడిదారుడికీ నాకూ మధ్య మామూలుగా ఎంతమంది ఉంటారో చూడండి. విదేశీ లాయర్ల ఫర్ములు ఇక్కడ భారతీయ చట్టం మీద ప్రాక్టీసు చేయకూడదు. ఏ.కె. బాలాజీ కేసులో 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది, తమ దేశపు చట్టం గురించి చెప్పడానికి అప్పుడప్పుడూ వచ్చిపోవచ్చని మాత్రం సందు ఉంచింది. 2023లో బార్ కౌన్సిల్ కొన్ని నిబంధనలతో తలుపు కాస్త తీసింది గానీ అదీ విదేశీ చట్టం, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) వరకే. అందుకని లండన్ ఫర్ము ముంబై ఫర్ముని అడుగుతుంది, ముంబై ఫర్ము ఢిల్లీ కన్సల్టెంటుని అడుగుతుంది, ఢిల్లీ కన్సల్టెంటు, హైదరాబాద్‌లో మనవాళ్ళెవరున్నారని వెతికి నాకు వాట్సాప్ పెడతాడు. నేను ‘అవుతుంది, కానీ ముందు ఫలానా కాగితం కావాలి, అది దొరకడం కష్టం’ అని రాస్తాను. పైకి ఒక్కో మెట్టూ ఎక్కేకొద్దీ నా వాక్యం తోక తెగిపోతూ ఉంటుంది. ఢిల్లీలో కష్టం పోతుంది, ముంబైలో కాగితం పోతుంది, లండన్ చేరేసరికి ‘అవుతుంది’ ఒక్కటే మిగులుతుంది. ఏ మెట్టు మీదా ఎవరూ అబద్ధమాడలేదు, తమ పైవాడికి తలనొప్పి ఎందుకులే అనుకున్నారంతే. పాపం, అదీ ఒక రకం చూసుకోవడమే.

మన హైదరాబాద్ వాళ్ళకి ఈ పాఠం కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు నిజానికి. 2009 జనవరి 7న, లెక్కలు దొంగవని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం బయటికొచ్చినప్పుడు నేను సోమాజిగూడలో ట్రైనీని. ఆఫీసులో ఒక్కరూ పని చేయలేదు ఆ రోజు, అందరి బంధువుల్లో ఎవరో ఒకరు సత్యంలో ఉన్నవాళ్ళే. 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేకుండానే పుస్తకాల్లో ఉన్నాయని చదివి, ఇంత పెద్ద అంకె ఆడిటర్లకి ఎలా కనపడలేదని అందరిలాగే నేనూ ఆశ్చర్యపోయాను. తర్వాత 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఇచ్చిన ఆర్డరు చదివితే సంగతి చాలా మామూలుగా ఉంది. మీ దగ్గర ఇంత డబ్బుందా అని బ్యాంకుని ఆడిటరు నేరుగా అడిగి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. సత్యం ఆడిటర్లు ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ కంపెనీకే వదిలేశారు. అంటే కంపెనీ వాళ్ళు మేం చూసుకుంటాం అన్నారు, వీళ్ళు సరే అన్నారు. ఎన్ని ఐఎస్‌ఓ సర్టిఫికెట్లు, ఎన్ని అవార్డులున్నా ఆ ఒక్క సరే దగ్గర బొక్క పడింది.

ఇంకో రకం చూసుకోవడం ఉంది, దాని గురించి మా వాళ్ళు బహిరంగంగా మాట్లాడరు. కంపెనీల చట్టం 149(3) ప్రకారం ఏ కంపెనీకైనా ఆ ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉన్న డైరెక్టరు ఒకరైనా ఉండాలి. బయటి నుంచి వచ్చినవాడికి ఇక్కడ ఎవరూ తెలియదు. దానికేముంది, మేం చూసుకుంటాం అంటాడు కన్సల్టెంటు, చూసుకుంటాడు కూడా: తన ఆఫీసు అకౌంటెంటో, డ్రైవరో, బామ్మర్దో డైరెక్టరైపోతాడు, నెలకింత అని. ఆ డ్రైవరుకి తాను ఏ కంపెనీకి డైరెక్టరో పేరు పలకడం కూడా రాదు. 2022 సెప్టెంబరులో చైనా సంబంధాలున్న డొల్ల కంపెనీలకి డమ్మీ డైరెక్టర్లని సరఫరా చేసిన కేసులో గుర్గావ్, బెంగళూరు, హైదరాబాద్‌లలో సోదాలు జరిగినప్పుడు, మా వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు ఒక్క గుడ్ మార్నింగ్ మెసేజ్ కూడా రాలేదు. అది మోసపు కంపెనీల గొడవ, నిజమే. కానీ నిజాయతీగా యంత్రాలు అమ్ముకోవడానికి వచ్చినవాడి కంపెనీకీ అలాంటి డైరెక్టరే ఉంటే, పోలీసులు అడిగేనాటికి ఇద్దరికీ తేడా ఎవరు చెప్పాలి?

డబ్బు మాటకొస్తే, ఈ వాక్యానికి ఎప్పుడూ లంప్‌సమ్ ఫీజు తోడుంటుంది. మొత్తం ఇంత, అన్నీ కలిపి. బిల్లులో ప్రభుత్వ ఫీజు, మా ఫీజు, ఆ కింద ‘ఇతర ఖర్చులు’ అని ఒక లైను. ఆ లైనులో ఏముందో క్లయింటు అడగడు, కన్సల్టెంటు చెప్పడు, ఇద్దరికీ అదే హాయి. 2018 జులైలో అవినీతి నిరోధక చట్టం సవరించాక లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ళదాకా శిక్ష పడొచ్చు. బలవంతంగా ఇవ్వాల్సొస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి. కంపెనీ తరఫున మధ్యవర్తి ఇచ్చినా కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. బయటి కంపెనీకి దీనికి తోడు సొంత దేశపు చట్టం కూడా వెంట ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో కాగ్నిజెంట్ అమెరికా ఎస్‌ఈసీతో 2.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది, ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా. చెన్నైలో క్యాంపస్ అనుమతి కోసం బిల్డింగు కాంట్రాక్టరు ద్వారా డబ్బు ఇప్పించి, దాన్ని కాంట్రాక్టు మార్పుల ఖర్చుగా రాశారన్నది ఆరోపణ. అంటే మా ‘ఇతర ఖర్చులు’ లైనుకే సూటూబూటూ వేశారన్నమాట. అంత పెద్ద కంపెనీకి న్యాయవిభాగం ఉంది, తట్టుకుంది. నా ఇటలీ తండ్రీకొడుకులకి ఎవరున్నారు?

ఇంతా చెప్పి, అసలు మా అవసరమే లేదనడం లేదు. ఆన్‌లైన్లో అన్నీ అయిపోతాయి కదా అనేవాళ్ళతో నాకు వేరే పేచీ ఉంది. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్యం జాబితాలో ఇండియా 2014లో 142, 2019కి 63. అదే జాబితాలో కాంట్రాక్టు అమలు చేయించుకోవడంలో మన స్థానం 163, ఒక కేసు తేలడానికి లెక్కగట్టింది 1,445 రోజులు. 2021లో డేటాలో అవకతవకలున్నాయని ఆ జాబితానే ఎత్తేశారు. అయినా ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ 63ని స్లైడులో పెట్టుకుని వస్తారు, 163 సంగతి మాత్రం ఎవరి స్లైడులోనూ ఉండదు.

జీడిమెట్ల షెడ్డునే తీసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి సంతకం పెట్టే డైరెక్టరుకి ఆధార్ లేకపోతే అధికారి స్వయంగా వచ్చి స్థలం చూడొచ్చు. వస్తే అద్దె ఒప్పందం, యజమాని పేరున కరెంటు బిల్లు చూపించాలి. షెడ్డు యజమాని డెబ్భై దాటిన పెద్దాయన, బిల్లు ఇవ్వమంటే మడతపెట్టిన కాగితం జేబులోంచి తీశారు. పేరు ఆయనది కాదు.

“మా నాయిన పేరు మీదనే ఉంది బిడ్డా. ఆయన పోయి పన్నెండేండ్లాయె. బిల్లు నెలనెలా కడుతనే ఉన్నం గదా, కరెంటు ఆగిందా ఏంది?”

ఆస్తి పన్ను రసీదూ నాయన పేరు మీదే. సరే, వారసుల కాగితాలు తీద్దామంటే ఇంకో తమ్ముడున్నాడు, జగిత్యాలలో. అన్నదమ్ములకి మాటల్లేవు, ఎందుకో అడిగితే ఒక బర్రె దగ్గర మొదలైన గొడవ అన్నారు, ఇంకా అడగలేదు నేను. రెండుసార్లు జగిత్యాల వెళ్ళాను. మొదటిసారి గేటు దగ్గరే మాట్లాడి పంపించేశారు. రెండోసారి ఆయన భార్య, ఇంత దూరం వచ్చింది, అన్నం తినకుండా ఎట్ల పంపుతవ్ అని భర్త మీద కేకలేసి కూచోబెట్టింది. తిన్నాక సంతకం పెట్టారు, అన్నకి చెప్పు, నీ కోసం పెడుతున్న, ఆయన కోసం కాదు అని కూడా అన్నారు. చెప్పలేదనుకోండి. ఈ పని ఏ పోర్టల్ చేస్తుంది? ఏ లండన్ మెమోలో జగిత్యాల ఉంటుంది? ఇలాంటి చోట, మేం చూసుకుంటాం అనే హక్కు నాకుందనే అనుకుంటాను.

తెలంగాణ ప్రభుత్వం కూడా ఒక రకంగా ఆ మాటే అంది, 2014 టీఎస్-ఐపాస్ చట్టంతో: అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర, పెద్ద ప్రాజెక్టులకి 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో. దాన్ని మెచ్చుకుంటాను, ఎందుకంటే అందులో గడువుంది, ఏ శాఖ దగ్గర ఫైలు ఆగిందో కనపడుతుంది, దరఖాస్తుదారుడే స్వయంగా ధ్రువీకరించి సంతకం పెట్టాల్సినవి ఉన్నాయి. మా వాక్యంలో గడువు లేదు, కిటికీ అసలే లేదు.

ఇక కొన్నింటిని ఎవరూ చూసుకోలేరు. వొడాఫోన్ 2007లో కేమన్ దీవుల కంపెనీ ద్వారా ఇక్కడి మొబైల్ ఫోన్ వ్యాపారంలో హచిసన్ వాటా కొన్నప్పుడు వాళ్ళకి దొరకని లాయరుంటాడా? పన్ను శాఖ 11,000 కోట్లకు పైగా కట్టమంది, 2012 జనవరిలో సుప్రీంకోర్టు కట్టక్కర్లేదంది, ఆ కొద్ది నెలల్లోనే ప్రభుత్వం చట్టాన్ని వెనకటి తేదీ నుంచి మార్చేసింది, మళ్ళీ 2021 ఆగస్టులో ఆ మార్పును ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 14 ఏళ్ళు. రేపు చట్టం ఎలా మారుతుందో నాకు తెలియదని చెప్పే కన్సల్టెంటుని నమ్మొచ్చు. ఏం పర్లేదు సార్ అనేవాడి దగ్గర కాఫీ తాగి వచ్చేయండి.

డబ్బాలోని టోకెన్లన్నీ కొరియర్లో ఎవరివి వాళ్ళకి పంపేశాను. కొందరు తిట్టుకున్నారు, ఒకాయన ఇదేం సర్వీసు అని మెయిల్ పెట్టాడు, రాత్రి పన్నెండింటికి జూమ్‌లో కూర్చుని సంతకం ఎలా పెట్టాలో నేర్పించాల్సొచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకి మొదట రెండు పేజీలు ఇస్తాను, ఇవి మా పనులు, ఇవి మీ పనులు, ఇవి ఎవరి చేతుల్లోనూ లేనివి అని. ‘మీ పనులు’లో మొదటి లైను, డబ్బు పంపేముందు ఏ ఖాతా నుంచో మాకు రాయండి అనేది. ప్రభుత్వ ఫీజు వాళ్ళ కార్డుతో వాళ్ళే కడతారు, చలాన్ వాళ్ళకే వెళ్తుంది. ‘ఇతర ఖర్చులు’ లైను తీసేశాను, జగిత్యాల బస్సు టికెట్లుంటే జగిత్యాల బస్సు టికెట్లు అనే రాస్తాను. అలా చేసిన మొదటి ఏడాది తొమ్మిది మంది క్లయింట్లు వెళ్ళిపోయారు. మా ఆయన, ఆదర్శాలకి ఈఎంఐ ఎవరు కడతారు అని ఒక్కసారే అన్నారు, కానీ గట్టిగానే అన్నారు.

పోయిన బుధవారం ఒక డచ్ కంపెనీ వాళ్ళతో కాల్. విత్తనాల వ్యాపారం, మేడ్చల్ వైపు స్థలం చూసుకున్నారు, మంచివాళ్ళలా ఉన్నారు. రెండు పేజీలూ ముందే పంపాను. చదివి వచ్చారు, మంచి ప్రశ్నలు అడిగారు, చివర్లో వాళ్ళ ఫైనాన్స్ ఆవిడ నవ్వుతూ, ఇంకో ఫర్ము వాళ్ళు మొత్తం తామే చూసుకుంటామంటున్నారు, మీరు మాకు ఇంత హోంవర్కు ఇస్తున్నారేంటి అంది. నేనూ నవ్వి, నాకు తోచింది చెప్పాను. ఆలోచించుకుని శుక్రవారానికి చెప్తామన్నారు.

ఇవాళ మంగళవారం. మెయిల్ రాలేదు. ఇది రాస్తూ రాస్తూ కూడా రెండుసార్లు ఇన్‌బాక్స్ చూశాను.